సంతకం పెట్టే ముందు: ఫ్రీమేసన్ లాడ్జిల్లో కొత్తవారిని ప్రతిపాదించే సోదరులకు బహిరంగ లేఖ

సోదరులకు నమస్కారం.

తెలుగు రాష్ట్రాల్లోని ఫ్రీమేసన్ లాడ్జిల్లో కొత్తవారి దరఖాస్తు మీద ప్రతిపాదకులుగా, బలపరిచేవారుగా సంతకాలు చేసే మీ అందరికీ ఈ ఉత్తరం. రాస్తున్నది లాడ్జి కార్యదర్శులుగా, క్రతువులు నడిపించే డైరెక్టర్ ఆఫ్ సెరిమనీస్‌గా, కష్టంలో ఉన్న సోదరుల, వారి కుటుంబాల బాగోగులు చూసే ఆల్మనర్లుగా పనిచేసినవాళ్లం. మీరు తీసుకొచ్చిన మనిషి ఆ తర్వాత మా చేతుల్లోకే వస్తాడు కాబట్టి మీతో తేల్చుకోవలసిన లెక్క ఒకటి ఉంది.

మేస్త్రీ పనిముట్లను నీతికి గుర్తులుగా పెట్టుకున్న సోదర సంఘం మనది, లాడ్జి అంటే దాని స్థానిక శాఖ. తెలుగులో మాత్రం లాడ్జి అంటే బస్టాండు ఎదురుగా గదులు అద్దెకిచ్చే చోటు. ఆ అపార్థం తప్పించుకోవడానికి కాబోలు, మీలో చాలామంది "క్లబ్బు లాంటిదండీ" అని మొదలుపెడతారు. తర్వాత మాట ఎలాగూ జారుతుంది: "పెద్ద పెద్ద డాక్టర్లు, ఆఫీసర్లు వస్తారు, ఏ ఊరెళ్లినా మనవాడు ఒకడుంటాడు, పరిచయాలు పెరుగుతాయి." విన్నవాడికి ఆశ పుడుతుంది. ఫారం నింపుతాడు.

ఆ మనిషి చేరే రోజు సాయంత్రం ఏం జరుగుతుందో మీకు తెలుసు. మిత్రుల ఒత్తిడి లేకుండా, డబ్బు ఆశ గానీ మరే తక్కువ ఉద్దేశం గానీ లేకుండా, తనంత తానుగా వచ్చానని అందరి ముందు అతను చెప్పాలి. తక్కిన ప్రమాణాలన్నీ ఆ జవాబు తర్వాతే. పరిచయాల ఆశ చూపించి తెచ్చారంటే, లాడ్జిలో అతను నోరు విప్పి చెప్పే తొలి మాటల్లోనే ఒక అబద్ధం ఉంటుంది. దాన్ని అతని నోట్లో పెట్టింది మీరు. కళ్లకు గంతలతో నిలబడ్డవాడికి ఆ సంగతి ఆలోచించే తీరిక కూడా ఉండదు.

మరి ఏం చెప్పి తీసుకురావాలి? పని చెప్పి తీసుకురండి.

ఫ్రీమేసన్రీ ఏమిటో రెండు నిమిషాల్లో చెప్పొచ్చు. 1717లో లండన్‌లో నాలుగు లాడ్జిలు కలిసి ఒక గ్రాండ్ లాడ్జిగా, అంటే లాడ్జిలన్నిటికీ పై సంస్థగా, ఏర్పడ్డాయని సంప్రదాయం. 1723లో నియమావళి అచ్చయింది. భారతదేశానికి సొంత గ్రాండ్ లాడ్జి 1961 నవంబరు 24న వచ్చింది. మొదటి గ్రాండ్ మాస్టర్ రాంపూర్ నవాబు సయ్యద్ రజా అలీ ఖాన్. దేవుడి మీద నమ్మకం ఉండాలి. ఏ దేవుడని అడగరు. మన లాడ్జిల్లో పీఠం మీద గీత, ఖురాన్, బైబిల్, గురుగ్రంథ్ సాహిబ్, జెండ్ అవెస్తా పక్కపక్కన ఉంటాయి, ఎవరు నమ్మిన గ్రంథం మీద వారు ప్రమాణం చేస్తారు. లాడ్జిలో మత చర్చ, రాజకీయ చర్చ నిషేధం. కార్తీక వనభోజనాలు కూడా కులాలవారీగా జరుపుకునే చోట ఈ ఒక్క నియమం ఎంత బరువైనదో కొత్తవాడికి విడమరిచి చెప్పండి. ఎన్నికల నెలలో నోరు కట్టుకోలేని మనిషైతే దరఖాస్తు దాకా వెళ్లనే వద్దు.

గుర్తుల దగ్గర మాత్రం కొంచెం ఎక్కువసేపు ఆగండి. ఇక్కడ తెలుగువాడికి పుట్టుకతో వచ్చిన సౌకర్యం ఒకటుంది. మనం వాడే పరికరాలన్నీ ఏ ఇల్లు కడుతున్న చోటికి వెళ్లినా కనిపిస్తాయి. లాడ్జి అధ్యక్షుడైన మాస్టరు మెడలో వేలాడే స్క్వేర్ మన మేస్త్రీ మూలమట్టం. మేస్త్రీ అన్న మాట కూడా పోర్చుగీసు నుంచి మనకొచ్చినదే. మాస్టరుకూ దానికీ మూలం ఒకటే. మాస్టరు తర్వాతి అధికారులు ఇద్దరు వార్డెన్లు. సీనియర్ వార్డెన్ గుర్తు మట్టం; ఇప్పటి రసమట్టం కాదు, చట్రం మధ్యలో గుండు వేలాడే పాతకాలపుది. జూనియర్ వార్డెన్‌ది గోడ నిలువు చూసే తూకపు గుండు. మూలమట్టం నడత సరిచూసుకోవడానికి, మట్టం మనుషులంతా ఒకటేనని గుర్తుంచుకోవడానికి, గుండు నిటారుగా బతకడానికి. ఈ మూడూ పుస్తకంలో చదివితే నీతిపాఠంలా ఉంటాయి. మేస్త్రీ ఒక వరస ఇటుక పేర్చి గుండు వదిలి, అర అంగుళం బయటికొచ్చిందని ఆ వరస మొత్తం ఊడదీయించడం చూస్తే వేరేగా ఉంటాయి. తప్పు మొదటి వరసలో దొరికితే పది ఇటుకలతో పోతుంది, పైకప్పు దగ్గర దొరికితే గోడే పోతుంది.

సభ్యుడు ఎక్కే మెట్లు మూడు, వాటినే డిగ్రీలంటాం; మూడోది దాటినవాడు మాస్టర్ మేసన్. ఆ మూడో డిగ్రీలో వచ్చే స్కిరెట్ అన్న పరికరం పేరు చాలామందికి నోరు తిరగదు. అదేమిటో తెలియక బట్టీ పట్టి, మధ్యలో మరిచిపోతారు. పునాదికి ముగ్గు పోసేటప్పుడు మేకు కొట్టి దారం లాగుతారు చూడండి, ఆ దారపుచుట్టే అది. అలా చెప్పిన రోజున ఆ పేరా ఇక మరిచిపోరు.

చెక్కని రాయి, చెక్కిన రాయి రెండూ లాడ్జిలో కళ్లెదుటే ఉంటాయి. మొదటి డిగ్రీలో ఇచ్చేవి సుత్తి, ఉలి, 24 అంగుళాల కొలబద్ద. కొలబద్ద రోజులోని 24 గంటలకు గుర్తు. దాన్ని చాలామంది తప్పు చెబుతారు. రోజును ఎనిమిదేసి గంటల చొప్పున మూడు భాగాలు చేయమంటారు. అది అమెరికా పాఠం. మనకు ఇంగ్లండు నుంచి వచ్చిన పాఠంలో సమాన భాగాల మాట లేదు: ప్రార్థనకు కొంత, పనికీ విశ్రాంతికీ కొంత, కష్టంలో ఉన్న మిత్రుడికో సోదరుడికో కొంత. ఆ చివరి భాగానికి ఒక షరతు కూడా ఉంది. తనకూ తనవాళ్లకూ నష్టం రాకుండా చేయాలి. ఈ షరతును కొత్తవాడికి తప్పక చెప్పండి. స్కూలు ఫీజు కట్టాల్సిన డబ్బు తీసి సోదరుడికి అప్పిచ్చి, ఆ తర్వాత ఇద్దరూ మొహాలు చూసుకోకపోవడం ఈ షరతు వినని చోటే జరుగుతుంది.

ఏప్రన్ సంగతి. చేరినవాడికి ఇచ్చేది తెల్లటి గొర్రెపిల్ల తోలు, వెడల్పు 14 నుంచి 16 అంగుళాలు, పొడవు 12 నుంచి 14, ఏ అలంకారమూ ఉండదు. రెండో డిగ్రీకి లేత నీలం రోజెట్లు రెండు చేరతాయి. మూడో డిగ్రీకి నీలం అంచు, అస్తరు, మడత మీద మరో రోజెట్. చేరిన రోజు ఆ తెల్ల ఏప్రన్ కట్టినప్పుడు చెప్పే మాటల్లో మీకు నేరుగా తగిలేది ఒకటుంది: లాడ్జిలో ఉన్న మరో సోదరుడితో తగాదా ఉంటే అది తీరేదాకా ఆ ఏప్రన్ కట్టుకోకూడదు. ఇద్దరూ బయటికెళ్లి తేల్చుకోవాలి. తేలకపోతే ఒకరో ఇద్దరో ఇంటికెళ్లాలి. అందుకే వ్యాపార భాగస్వామిని ప్రతిపాదించేటప్పుడు రెండుసార్లు ఆలోచించండి. ప్లాటు రిజిస్ట్రేషన్ దగ్గరో వాటా దగ్గరో పేచీ వస్తే లాడ్జి ఒకేసారి ఇద్దరిని పోగొట్టుకుంటుంది. వారిద్దరినీ బలపరిచినవాళ్లు కూడా పక్షాలు కడితే నలుగురిని.

డబ్బు గురించి గొణగకండి. "ఏదో కొంచెం అవుతుంది" అన్న మాటతో చేరినవాళ్లే బకాయిల జాబితాకెక్కుతారు. ప్రవేశ రుసుము, ఏడాది చందా, నల్ల సూటు, తెల్ల గ్లౌజులు, మాస్టర్ మేసన్ అయ్యాక కొనుక్కోవలసిన ఏప్రన్, ప్రతి సమావేశం తర్వాత భోజనం వాటా, దానధర్మాల చందా, ఇవన్నీ మీ లాడ్జి ట్రెజరర్‌ను అడిగి, కాగితం మీద రాసి, ఏడాది మొత్తం కింద కూడి, ఆ కాగితం అతని చేతిలో పెట్టండి. ఇంట్లో చూపించుకోమనండి. బకాయి పడ్డవాడు ముఖం చెల్లక సమావేశాలకు రావడం మానేస్తాడు, రానివాడి బకాయి పెరుగుతుంది. ఈ చక్రంలో చిక్కినవాణ్ని బయటికి తీసుకురావడం ట్రెజరర్ వల్ల కాదు. మీరే వెళ్లాలి.

ఇక కాలం. నెలకో సమావేశం అని చెప్పి ఊరుకుంటారు. సమావేశం ఒక సాయంత్రం; దానికి ముందు రిహార్సల్ మరో సాయంత్రం, కొన్నిసార్లు రెండు. పదవి తీసుకుంటే బట్టీ పట్టడానికి రోజూ అరగంట. పదవుల మెట్లు ఇవి: స్టూవర్డు, ఇన్నర్ గార్డు, జూనియర్ డీకన్, సీనియర్ డీకన్, ఇద్దరు వార్డెన్లు, ఆ పైన మాస్టరు. ఏడాదికో మెట్టు చొప్పున ఎక్కితే ఏడేళ్లు. ఈ లెక్క విని మొహం చిట్లించినవాడు మంచివాడే కావచ్చు, అతనికి రోటరీయో లయన్సో బాగా కుదురుతుంది. అది చెప్పడం అవమానమేమీ కాదు.

ఒక డిగ్రీకీ మరో డిగ్రీకీ మధ్య నాలుగు వారాలైనా ఉండాలి. స్వామి వివేకానంద మేసనేనని గొప్పగా చెప్పి మనుషుల్ని తెచ్చే సోదరులు గమనించవలసిన వివరం ఇది. నరేంద్రనాథ్ దత్తాగా ఆయన కలకత్తాలోని యాంకర్ అండ్ హోప్ లాడ్జిలో 1884 ఫిబ్రవరి 19న చేరారు, రెండో డిగ్రీ ఏప్రిల్ 15న, మూడోది మే 20న. ఆయనకూ మధ్యలో వారాలు గడిచాయి. ఆ వ్యవధి ఊరికే పెట్టింది కాదు, తర్వాతి డిగ్రీకి ముందు లాడ్జిలో నిలబడి జవాబులు చెప్పాలి. ఆ ప్రశ్నలు నేర్పించే బాధ్యత ప్రతిపాదకుడిదని చాలా లాడ్జిల్లో రివాజు. చాలామంది ప్రతిపాదకులు ఆ రివాజును ముందురోజు రాత్రి ఒక పీడీఎఫ్ పంపి తీర్చుకుంటారు.

ఆ జవాబులు 18వ శతాబ్దపు ఇంగ్లిషులో ఉంటాయి. తెలుగు మీడియంలో చదివినవాడు దాన్ని ఒక్కముక్కగా మింగబోతాడు, మూడో వాక్యం దగ్గర గొంతులో అడ్డం పడుతుంది. వారంలో రెండుసార్లు, ఇరవై నిమిషాల చొప్పున కూర్చోండి. మొదటి రోజు ఇంగ్లిషు ముట్టుకోకండి. ఒక్కో ప్రశ్న దేని గురించో తెలుగులో అతని చేత చెప్పించండి. రెండో రోజు మూడు ప్రశ్నలు, మూడో రోజు ఆ మూడూ కలిపి ఇంకో మూడు. కూర్చుని చదివితే రాదు. నడుస్తూ, పైకి పలుకుతూ చెప్పాలి. చూడకుండా రాయిస్తే ఎక్కడ తడబడుతున్నాడో తెలుస్తుంది, కానీ ఆ కాగితం అక్కడే చించేయండి. లాడ్జిలో తడబడితే ప్రాంప్టు ఇచ్చేది ఒక్కరే అయి ఉండాలి. నాలుగు వైపుల నుంచి నలుగురు అందిస్తే వచ్చింది కూడా పోతుంది. ఆగినంత మాత్రాన మరిచిపోయినట్టు కాదు, ఒక ఊపిరి తీసుకోనివ్వండి. తప్పులు పోకుండా చెప్పడం ఎంత కష్టమో తెలియాలంటే ఒక సంగతి. 1823లో లండన్‌లో క్రతువు సాధన కోసం మొదలైన ఇమ్యులేషన్ లాడ్జి ఆఫ్ ఇంప్రూవ్‌మెంట్‌లో ఒక్క దిద్దుబాటు కూడా లేకుండా క్రతువు నడిపినవారికి వెండి అగ్గిపెట్టె ఇస్తారు. అగ్గిపెట్టె కోసం పెద్దవాళ్లు ఏళ్ల తరబడి సాధన చేస్తారంటే బయటివాళ్లు నవ్వుతారు. నవ్వనివ్వండి.

బ్యాలట్ అంటే కొత్తవాణ్ని చేర్చుకోవాలా వద్దా అన్న రహస్య ఓటు: తెల్లగుండు సమ్మతి, నల్లగుండు అభ్యంతరం. ఈ విషయంలో మీ పని ఓటుకు ముందే అయిపోవాలి. పెట్టెలో చేయి పెట్టి గుండు వదిలినవాడు ఏ గుండు వేశాడో చెప్పకూడదు, ఎవరూ అడగకూడదు. ఇంగ్లండు నియమం ప్రకారం మూడు నల్లగుండ్లు పడితే ప్రవేశం లేదు, లాడ్జి తన ఉపనియమాల్లో దాన్ని రెండుకో ఒకటికో తగ్గించుకోవచ్చు. మీ లాడ్జిలో ఎంతో కార్యదర్శిని అడగండి. నల్లగుండు పడ్డాక ఆ రాత్రి పార్కింగులో నిలబడి "ఎవడు వేశాడు" అని ఆరా తీయడం అన్నిటికంటే చెడ్డ పని. ఎవరికైనా అభ్యంతరం ఉందని ముందే చెవిన పడితే దరఖాస్తు వెనక్కి తీసుకోండి. దరఖాస్తుదారుడికి మీరే వెళ్లి చెప్పండి, ఫోన్‌లో కాదు.

ఇక ఆల్మనర్. కొత్తవాళ్లకు మీరు అసలు చెప్పనిది ఈ పదవి గురించే. సోదర ప్రేమ, సాయం, సత్యం అని మూడు మూలసూత్రాలు వల్లిస్తాం. ఆ రెండోది నడిచేది చిన్న జోలె గుర్తు వేసుకున్న ఈయన ద్వారా. ఛారిటీ స్టూవర్డ్ పని నిధి పోగుచేయడం. ఆల్మనర్ పని మనిషి దగ్గరికి వెళ్లడం. ఆయన దగ్గర ఒక నోటుబుక్కు ఉంటుంది, ఉండాలి: మూడు సమావేశాలుగా రానివారి పేర్లు, ఆపరేషన్ అయినవారు, చనిపోయిన సోదరుల భార్యల ఫోన్ నంబర్లు, పోయిన తేదీలు. ఒక సోదరుడు పోతే కర్మకాండ దాకా అందరూ వస్తారు. ఆల్మనర్ అవసరం పడేది పన్నెండో రోజు తర్వాత. మరణ ధ్రువపత్రం నకళ్లు ఒకటి రెండు కాదు, ఓ పది తీయించమనాలి: బ్యాంకు, బీమా, పెన్షన్, గ్యాసు కనెక్షన్ అంటూ ఒక్కొక్కరు ఒక్కోటి అడుగుతారు. లాకర్ తాళం ఎక్కడుందో, నామినీ పేరు ఉందో లేదో, పిల్లాడి ఫీజు గడువు ఎప్పుడో అడగాలి. బ్యాంకుకు తోడు వెళ్లాలి. తోడు వెళ్లడానికి పంపవలసింది చెక్కుబుక్కున్న సోదరుణ్ని కాదు, పనిరోజు మధ్యాహ్నం తీరిక ఉన్న సోదరుణ్ని.

ఇక్కడ జరిగే పొరపాటు, సాయం పొందిన కుటుంబం పేరు లాడ్జిలో చదవడం. సదుద్దేశంతోనే చదువుతారు. అది మినిట్స్‌లోకి ఎక్కుతుంది, పక్కనెల ఆ ఇంటావిడకు ఎవరో ఫోన్ చేసి పరామర్శిస్తారు, ఆవిడ మళ్లీ ఎప్పుడూ ఆల్మనర్ ఫోన్ ఎత్తదు. మినిట్స్‌లో మొత్తం ఒక్కటే ఉండాలి. పేరు మాస్టరుకూ ఆల్మనర్‌కూ తెలిస్తే చాలు.

మీరు తెచ్చే మనిషి ఏదో ఒకరోజు ఈ నోటుబుక్కు మోయగలడా? ఆ ప్రశ్నకు మీ దగ్గర జవాబు లేకపోతే అతనితో ఇంకో ఆరు నెలలు పరిచయం పెంచుకోండి.

భోజనాల గురించి క్లుప్తంగా. మందు తాగనివాడికి ఇబ్బంది ఏమీ ఉండదని ముందే చెప్పండి. టోస్టు నీళ్లతోనూ ఎత్తొచ్చు. స్టూవర్డులకు మనవి: శనివారం, కార్తీకం, రంజాన్ చూసుకుని ప్లేట్లు లెక్కపెట్టండి.

వదంతులకు సమాధానం కూడా మీరే చెప్పాలి. ఉత్తరాదిన మేసన్ హాళ్లను జాదూఘర్, అంటే మంత్రాల ఇల్లు, అనేవారు. హైదరాబాదులో 1872 నుంచి మేసన్ల చేతిలో ఉన్న గోషామహల్ బారాదరి తానీషా కాలపు కట్టడం. రామదాసు కథ తెలిసిన ఊళ్లో అలాంటి భవనానికి తలుపులు మూసుకుని కూర్చుంటే కథలు పుట్టక మానవు. మనం దాచేది ఒకరినొకరు గుర్తుపట్టే పద్ధతులు మాత్రమే. సభ్యత్వం దాచక్కర్లేదు, నియమాలు దాచక్కర్లేదు. "ఇల్యూమినాటీలో చేర్పిస్తాం, రిజిస్ట్రేషన్‌కు ఇంత పంపండి" అని వాట్సాప్‌లో వచ్చే సందేశాలతో మనకు ఏ సంబంధమూ లేదు. ఎవరైనా అడిగితే డబ్బు పంపొద్దని, పంపి ఉంటే 1930కి ఫోన్ చేయమని చెప్పండి. లాడ్జి ఎవరినీ ఫోన్‌లో చేర్చుకోదు.

సంతకానికి ముందు ఒకసారి అతని ఇంటికి వెళ్లండి. భార్య ఉన్నప్పుడు వెళ్లండి. నెలలో ఎన్ని సాయంత్రాలు పోతాయో, ఏడాదికి ఎంత ఖర్చో ఆవిడ ముందు చెప్పండి. ఆవిడ అడిగే ప్రశ్నలు ఇంటర్వ్యూ కమిటీ అడిగేవాటికంటే గట్టిగా ఉంటాయి. ఆవిడ వద్దంటే ఫారం మడిచి జేబులో పెట్టుకుని కాఫీ తాగి వచ్చేయండి.

ఇట్లు,
కొందరు పాత కార్యదర్శులు, ఆల్మనర్లు, డైరెక్టర్ ఆఫ్ సెరిమనీస్‌గా పనిచేసినవారు

తాజా కలం: చేరే రోజు ఒంటి మీద లోహం ఏదీ ఉండకూడదని అభ్యర్థికి చెబుతారు గానీ, వాచీ, ఉంగరాలు అని చెప్పి ఆపేస్తారు. వెండి మొలతాడు ఎవరికీ గుర్తుండదు. లోపలికి తీసుకెళ్లబోయే క్షణంలో బయటపడితే, ముడి రాక, కత్తెర దొరక్క, లోపల నలభై మంది ఎదురుచూస్తుంటే తలుపు బయట కత్తితో కాపలా ఉండే టైలర్ ఆ కత్తి పక్కన పెట్టి పళ్లతో ముడి విప్పాల్సొస్తుంది. ముందురోజే నూలు మొలతాడుకు మారమనండి. వేలికి పట్టేసి రాని ఉంగరం ఉంటే టేపు చుట్టి కప్పుతారు, దానికి కంగారు వద్దు. మోకాళ్ల నొప్పి, ఉబ్బసం, కళ్లు మూస్తే భయం లాంటివి ఏవైనా ఉంటే వారం ముందే డైరెక్టర్ ఆఫ్ సెరిమనీస్‌కు చెప్పాలి.